లోపలి పిల్లలు, బయటి పిల్లలు

మధ్యతరగతి ఇంట్లోకి కొని తెచ్చుకునే వస్తువుల్లో ముక్కూమొహం తెలియని మనిషి ప్రాణం మీద నేరుగా ప్రభావం చూపించేవి ఎన్నుంటాయి? ఫ్రిజ్ కొంటే పక్కవాళ్లకి ఏమీ కాదు. సోఫా కొన్నా అంతే. కారు మాత్రం అలాంటిది కాదు. టన్నూ టన్నున్నర బరువున్న ఇనుముని గంటకి వంద కిలోమీటర్ల వేగంతో అందరూ తిరిగే రోడ్డు మీద నడిపే హక్కుని మనం వాయిదాల మీద కొనుక్కుంటున్నాం. అయినా కారు కొనేటప్పటి మాటల్లో నీతి ప్రసక్తి ఎక్కడా రాదు. మైలేజీ, రీసేల్, సర్వీస్ సెంటర్ ఎంత దూరం, డిక్కీలో స్ట్రోలర్ పడుతుందా లేదా, ఇవే.

తాగి నడపకూడదు, సిగ్నల్ దాటకూడదు అంటే అందరం ఒప్పుకుంటాం. ఎలా నడపాలన్నది నీతికి సంబంధించిన విషయమే. ఏ బండి కొనాలన్నది మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది, ఎవరి ఈఎంఐ వాళ్లది. డగ్లస్ హుసాక్ అనే అమెరికన్ న్యాయతత్వవేత్త 2004లో ఒక వ్యాసం రాస్తూ ఇదే అడిగాడు: ఎదుటివాళ్లకి ఎక్కువ ప్రమాదం తెచ్చిపెట్టే బండిని ఎంచుకోవడం నైతిక సమస్య అని ఎవరికీ ఎందుకు తట్టడం లేదు? ఆ ప్రశ్న నాకు మామూలుగా అయితే తట్టేది కాదు. ఇద్దరు చిన్నపిల్లలతో కారు వెతుకుతూ నాలుగు నెలలు షోరూములు తిరిగినందువల్ల తట్టింది.

మా అమ్మాయికి ఐదేళ్లు. బాబుకి ఏడాదిన్నర. అమ్మానాన్నలు కోదాడలో ఉంటారు. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద 180 కిలోమీటర్లకి అటూ ఇటూ. నెలకో రెండు నెలలకో వెళ్తాం. ఇప్పుడున్న పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఇద్దరు పిల్లలు, మా అమ్మ, సామాన్లు కలిస్తే ఊపిరాడదు. అందుకని కొత్త బండి. తిరిగిన ప్రతిచోటా సేల్స్ కుర్రాడు మా పిల్లల్ని చూడగానే ఒకే మాట అనేవాడు: "ఫ్యామిలీ ఉంది కదా సార్, పెద్దది తీసుకోండి. పిల్లల సేఫ్టీ ముఖ్యం." అపార్ట్‌మెంట్‌లో స్నేహితులు, ఆఫీసులో టీమ్, మా బావమరిది, అందరిదీ అదే మాట. ఎత్తుగా ఉండాలి, బరువుగా ఉండాలి. లారీల మధ్య నుంచి పోయే రోడ్డు కదా.

ఈ సలహా ఇచ్చేవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. 2023-24లో మన దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాలు దాదాపు 42 లక్షలు. అందులో 25 లక్షలకి పైగా ఎస్‌యూవీలు, ఎంపీవీల్లాంటి పెద్ద బళ్లే. ఆ కొన్నవాళ్లలో చాలామందికి పిల్లలుండే ఉంటారు, చాలామంది పిల్లల కోసమే కొని ఉంటారు. కాకిపిల్ల కాకికి ముద్దు. ఇందులో నీతి తప్పడం ఎక్కడుంది?

పిల్లల మీద పక్షపాతాన్ని తత్వశాస్త్రం చాలాకాలంగా అనుమానంగానే చూసింది. విలియం గాడ్విన్ 1793లో ఒక చిక్కు ప్రశ్న వేశాడు. ఇల్లు తగలబడుతోంది, లోపల ఒక గొప్ప రచయిత, ఒక పనిమనిషి ఉన్నారు. ఒక్కరినే కాపాడగలం. లోకానికి ఎక్కువ మేలు చేసేవాడిని కాపాడాలి, ఆ పనిమనిషి మనకి కావలసిన మనిషే అయినా సరే అన్నాడు. "నా" అన్న మాటలో ఏ మహత్తూ లేదని ఆయన వాదన. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత బెర్నార్డ్ విలియమ్స్ దీనికి ఎదురు దిక్కు నుంచి వచ్చాడు. నీళ్లలో మునిగిపోతున్న ఇద్దరిలో ఒకరు నీ భార్య అయితే, ఆమెని కాపాడటం నియమాల ప్రకారం సరైనదేనా అని ఒక్క క్షణం ఆగి లెక్కవేసుకున్నా సరే, అక్కడ ఏదో అవసరం లేని ఆలోచన దూరినట్టే అన్నాడు. ప్రేమకి ముందస్తు అనుమతి అక్కర్లేదు.

నేను విలియమ్స్ పక్షమే. పిల్లలున్న వాళ్లు ఎవరైనా అంతే అనుకుంటాను. నా కూతురూ, తెలియని పిల్లా ఇద్దరూ మునిగిపోతుంటే నేను లెక్కలు వెయ్యను. అయితే ఈ ఉదాహరణల్లో ఒక సంగతి గమనించాలి. నేను నా కూతుర్ని కాపాడినప్పుడు రెండో పిల్లని నేను నీళ్లలోకి తొయ్యలేదు. ఆ పిల్ల అప్పటికే నీళ్లలో ఉంది. నేను చేసింది ఒకరికి ముందు చెయ్యి ఇవ్వడం. ఇంకో ఉదాహరణ ఊహించుకుందాం. నా కూతురు మునుగుతోంది. ఒడ్డున నిలబడ్డ ఇంకో పిల్ల నడుముకున్న లైఫ్ జాకెట్ లాక్కుని, ఆ పిల్లని నీళ్లలోకి నెట్టి, నా కూతురికి తొడిగాను. ఇక్కడ విలియమ్స్ నాకు తోడు రాడు. పక్షపాతం చూపించడం వేరు, ఆ పక్షపాతం ఖర్చుని ఇంకొకరి చేత కట్టించడం వేరు.

మనకి ఈ తేడా కొత్తదేం కాదు. పుత్రవ్యామోహం అనగానే మనకి గుర్తొచ్చేది ధృతరాష్ట్రుడు. ఆయన తప్పు కొడుకుల్ని ప్రేమించడం కాదు. గాంధారీ ప్రేమించింది, కుంతీ ప్రేమించింది, వాళ్లనెవరూ ఆ మాట అనలేదు. తన కొడుకుల భద్రతకి మూల్యం తమ్ముడి కొడుకుల చేత కట్టించడానికి ఒప్పుకున్నాడు చూడండి, వారణావతంలో లక్క ఇంటికి వాళ్లని పంపడానికి తలూపాడు చూడండి, అక్కడుంది ఆయన తప్పు.

కాబట్టి కారు విషయంలో అడగాల్సిన ప్రశ్న "నా పిల్లల్ని ఎక్కువగా చూసుకోవచ్చా?" అన్నది కాదు. చూసుకోవచ్చు. పెద్ద బండి ఇచ్చే భద్రత ఎక్కణ్ణుంచి వస్తోంది, అది కొత్తగా పుడుతోందా, ఇంకొకరి దగ్గర నుంచి వస్తోందా అన్నదే ప్రశ్న.

ఇంజనీరింగ్ చదివినందుకు కాస్త లెక్క వేస్తాను, విసుక్కోకండి. ఇంటర్ ఫిజిక్స్ చాలు. 1,100 కిలోల కారు, 1,700 కిలోల ఎస్‌యూవీ చెరో 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దుకున్నాయి, గుద్దుకుని ఒకదాన్నొకటి కరుచుకుని ఆగాయి అనుకుందాం. లోపలి మనుషులకి దెబ్బ ఎంత తగులుతుందన్నది ఎక్కువగా వాళ్ల వేగం ఆ ఒక్క క్షణంలో ఎంత మారిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ద్రవ్యవేగం లెక్క ప్రకారం ఎస్‌యూవీలో వాళ్ల వేగం 39 కిలోమీటర్లు మారుతుంది. చిన్న కారులో వాళ్లది 61 కిలోమీటర్లు. రెండూ సమానమైన బరువు అయితే చెరొక 50. అంటే పెద్ద బండి కొన్నందుకు నాకు కలిసొచ్చింది 11 కిలోమీటర్లు, ఎదుటివాడికి ఎక్కువైంది సరిగ్గా 11 కిలోమీటర్లు. కొత్తగా ఏమీ పుట్టలేదు. అతని ఖాతాలోంచి నా ఖాతాలోకి బదిలీ అయింది.

ఇప్పుడు అందరూ భయపడే లారీ సంగతి చూద్దాం. 30 టన్నుల లారీ అదే 50 వేగంతో ఎదురొచ్చింది. 1,100 కిలోల కారులో వేగం మార్పు 96 కిలోమీటర్లకి కాస్త ఎక్కువ. 1,700 కిలోల బండిలో దాదాపు 95. తేడా రెండు కిలోమీటర్లు. ఏ లారీని తలుచుకుని మనం అదనంగా ఆరు వందల కిలోల ఇనుము కొంటున్నామో ఆ లారీ ముందు ఆ ఇనుము దాదాపు దేనికీ పనికిరావడం లేదు. అది పనికొచ్చేది మనకంటే చిన్నవాడు ఎదురైనప్పుడే.

నిజం ఇంత సరళంగా ఉండదని నాకూ తెలుసు. బాడీ నిర్మాణం, క్రంపుల్ జోన్, బెల్టు, ఎయిర్‌బ్యాగ్, ఏ కోణంలో తగిలింది, ఇవన్నీ ఫలితాన్ని మారుస్తాయి. మంచి నిర్మాణమున్న తేలిక కారు చెత్త నిర్మాణమున్న బరువు బండి కంటే మేలు కావచ్చు. కానీ అవన్నీ విడిగా కొనుక్కోగలిగే మంచి లక్షణాలు. బరువుకి మాత్రమే ఉన్న ప్రత్యేకత, దాని లాభం ఎప్పుడూ ఎదుటివాడి నష్టం నుంచే వస్తుందన్నది. మిషెల్ వైట్ అనే ఆర్థికవేత్త 2004లో అమెరికా ప్రమాదాల లెక్కలు తీసి ఇదే చెప్పింది. పెద్ద బళ్లు తమలోని వాళ్లకి తప్పించే ఒక్కొక్క ప్రాణాంతక ప్రమాదానికి బదులు, బయట చిన్న కార్లవాళ్లకీ, బైకులవాళ్లకీ, నడిచేవాళ్లకీ కలిపి నాలుగుకి పైగా ప్రాణాంతక ప్రమాదాలు అదనంగా జరుగుతున్నాయని ఆవిడ తేల్చింది. ఆ వ్యాసం పేరులోనే ఆయుధ పోటీ అన్న మాట ఉంది. అందరూ 1,700 కిలోల బళ్లు కొంటే మళ్లీ అందరి లెక్కా 50 దగ్గరికే వస్తుంది. మిగిలేది పెట్రోలు ఖర్చు, బరువు పెరగని మనుషులూ.

ఆ బరువు పెరగని మనుషులెవరు? కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. 19.5 శాతం నడుస్తున్నవాళ్లు. కార్లు, ట్యాక్సీలు, వ్యాన్లలో ఉన్నవాళ్లు 12.5 శాతం. కారులో కూర్చోవడంతోనే నా పిల్లలు ఆ వరుసలో ముందు నిలబడ్డవాళ్ల మధ్య నుంచి వెనక్కి వచ్చేశారు. ఇక్కణ్ణుంచి ఇంకా వెనక్కి జరగాలంటే ముందున్నవాళ్లని ఇంకొంచెం ముందుకి తొయ్యాలి.

నేను కూడా ఆ స్కూటర్ మీద నుంచి వచ్చినవాడినే. మా నాన్న బజాజ్ చేతక్ మీద హ్యాండిల్‌కీ సీటుకీ మధ్య నేను నిలబడేవాణ్ణి. వెనక చెల్లిని ఒళ్లో పెట్టుకుని అమ్మ. నా తరం తెలుగువాళ్లలో చాలామందికి ఈ బొమ్మ తెలుసు. ఇలాంటి కుటుంబాల్ని చూసే తనకి చిన్న కారు ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పారు. 2008 జనవరిలో ఢిల్లీలో నానోని చూపించారు, లక్ష రూపాయల కారు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్ చేస్తే ఆ నానోకి సున్నా స్టార్లు వచ్చాయి. ఆ రోజు పరీక్షించిన మిగతా కంపెనీల చిన్న కార్లకీ సున్నాయే. అప్పట్లో చాలామంది నవ్వారు. నాకు మాత్రం అందులో ఇంకా తెగని ప్రశ్న కనిపిస్తుంది. సున్నా స్టార్ల కారు స్కూటర్ కంటే ప్రమాదమా? భద్రత అన్నది దేనితో పోల్చి చెప్పే మాట? నానో ఆగిపోయింది, స్కూటర్ మీద నలుగురు మాత్రం ఇంకా వెళ్తూనే ఉన్నారు. రోజూ మియాపూర్ సిగ్నల్ దగ్గర నా బంపర్ ముందు ఆగేది ఆ నలుగురే.

బరువు తర్వాత ఎత్తు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే హైవే భద్రతా సంస్థ 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. బానెట్ 40 అంగుళాల కంటే ఎత్తున్న బండి పాదచారిని గుద్దితే, 30 అంగుళాలో అంతకు తక్కువో ఉండి వాలుగా ఉన్న బండితో పోలిస్తే, ప్రాణం పోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువ. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. పొట్టి బానెట్ కాళ్లకి తగులుతుంది, మనిషి బానెట్ మీదకి పడతాడు. ఎత్తు బానెట్ ఛాతీకో తలకో తగులుతుంది, మనిషి ముందుకి, చక్రాల వైపుకి పడతాడు. పెద్దవాళ్లకే ఇలా అయితే పిల్లల సంగతి వేరే చెప్పాలా. 40 అంగుళాలంటే 101 సెంటీమీటర్ల పైచిలుకు. మా అమ్మాయి ఎత్తు 107.

ఇది చదివాక షోరూముకి టేపు పట్టుకెళ్లాను. సేల్స్ కుర్రాడు బూట్ స్పేస్ కొలుస్తానేమో అనుకున్నాడు. నేను బానెట్ ముందు అంచు కొలిచాను. ఒక బండి ముందు మా అమ్మాయిని నిలబెడితే అంచు తన గడ్డం దాకా వచ్చింది. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తే తను కనపడలేదు. "కెమెరా ఉంది కదా సార్" అన్నాడు కుర్రాడు. ఉంది. పై వేరియంట్లో. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉండే గది పార్కింగ్ పక్కనే. వాళ్ల చిన్నమ్మాయికి నాలుగేళ్లుంటాయి. స్తంభాల మధ్య ఆడుకుంటూ ఉంటుంది. నేను బండి తీసే ప్రతి ఉదయం తను ఎక్కడుందో చూసుకుని తియ్యాలి. పెద్ద బండి కొంటే ఆ పిల్ల మీద ఏదో చెడు ఉద్దేశంతో కొన్నట్టు కాదు. కానీ ఆ బండి ఇచ్చే భద్రతకి వాయిదా కట్టేవాళ్లలో ఆ పిల్ల కూడా ఉంటుంది, తనకి తెలియకుండా.

ఇదంతా ఒక రాత్రి మా ఆవిడకి చెప్పాను, లెక్కలతో సహా. అంతా విని ఒకటే అడిగింది: "ఎదురుగా వచ్చేవాడు నీ లెక్కలన్నీ చదివి వస్తాడా?"

ఈ వాదన మీద నేను విన్న అభ్యంతరాల్లో ఇదే అన్నిటికంటే గట్టిది. అందరూ తేలిక బళ్లు కొంటే అందరికీ మంచిదే, సరే. కానీ అందరూ కొనడం లేదు. నేనొక్కణ్ణే ఆయుధం కింద పెడితే, దాని ఫలితం అనుభవించేది నేను కూడా కాదు, వెనక సీట్లో కూర్చున్న నా పిల్లలు. నా సిద్ధాంతానికి వాళ్ల ప్రాణాన్ని పణం పెట్టే హక్కు నాకుందా? 2016లో బోన్‌ఫాన్, షరీఫ్, రహ్వాన్ అనే ముగ్గురు పరిశోధకులు డ్రైవర్ లేని కార్ల మీద సర్వే చేసి 'సైన్స్' పత్రికలో రాశారు. ఎక్కువమందిని కాపాడటానికి అవసరమైతే లోపలివాళ్లని బలిచ్చే కారు మంచిదని చాలామంది ఒప్పుకున్నారు. మిగతావాళ్లు అలాంటి కారు కొంటే బావుంటుందన్నారు. తమ దాకా వచ్చేసరికి మాత్రం లోపలివాళ్లని కాపాడే కారే కావాలన్నారు. మనం ఆ సర్వేలో పాల్గొనక్కర్లేదు. మన షోరూముల్లో ఆ సర్వే రోజూ జరుగుతోంది.

మా ఆవిడ ప్రశ్నకి నేను వెతుక్కున్న జవాబు ఇది. బలి ఇమ్మని ఎవరూ అడగడం లేదు. ఒక క్రమం పాటించమని మాత్రం అడగొచ్చు. భద్రతని మూడు రకాలుగా చూడొచ్చు. మొదటిది, నా పిల్లల్ని కాపాడుతూ ఎవరికీ ఏ నష్టం చెయ్యనిది: బెల్టు, చైల్డ్ సీటు, గట్టి నిర్మాణం. రెండోది, మా ఇద్దర్నీ కాపాడేది: మంచి బ్రేకులు, బండి జారకుండా పట్టే ఈఎస్‌సీ, తక్కువ వేగం. మూడోది, నన్ను కాపాడి ఎదుటివాణ్ణి దెబ్బతీసేది: బరువు, ఎత్తు. మొదటి రెండూ పూర్తిగా వాడుకున్నాక కూడా పిల్లలకి ప్రమాదం మిగిలే ఉందంటే, అప్పుడు మూడోదాని గురించి మాట్లాడుకోవచ్చు. మనం చేస్తున్నది తలకిందులుగా. మూడోదానితో మొదలుపెట్టి, మొదటిది మర్చిపోతున్నాం.

ఓఆర్‌ఆర్ మీద ఏ ఆదివారం సాయంత్రమైనా చూడండి. ఎత్తైన బండి, సన్‌రూఫ్ తెరిచి, అందులోంచి పైకి నిలబడి చేతులూపే ఇద్దరు పిల్లలు. ఆ తండ్రిని అడిగితే పిల్లల సేఫ్టీ కోసమే పెద్దది కొన్నానంటాడు. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అనుకుంటున్నాడు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టూ చైల్డ్ సీటూ లేకుండా కూర్చోబెడితే వెయ్యి రూపాయల జరిమానా. ఎంతమంది కట్టి ఉంటారో ఊహించుకోండి. 2022లో సైరస్ మిస్త్రీ పాల్‌ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయినప్పుడు వెనక సీటు బెల్టు గురించి దేశమంతా ఓ నెల మాట్లాడుకుంది. ఆ తర్వాత మళ్లీ మామూలే.

స్టార్ల గురించి కూడా ఒక మాట. మన సొంత భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. పెద్దల రక్షణకి 32 మార్కులు, పిల్లల రక్షణకి 49. ఈ పిల్లల మార్కులు వెయ్యడానికి ఏడాదిన్నర, మూడేళ్ల వయసు పిల్లల డమ్మీలని చైల్డ్ సీట్లలో కట్టి గుద్దిస్తారు. నానమ్మ ఒళ్లో కూర్చోబెట్టి గుద్దించరు. అంటే ఐదు స్టార్ల బండి కొని బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, ఆ స్టార్లు మన బాబువి కావు, ఆ డమ్మీవి. మా బాబు పదకొండు కిలోలు. 50 కిలోమీటర్ల వేగం నుంచి సెకనులో పదో వంతులో ఆగాల్సి వస్తే వాణ్ణి పట్టుకోవడానికి క్వింటాలున్నర బస్తాని ఆపేంత బలం కావాలి. మా అమ్మకి చైల్డ్ సీటు చూపిస్తే, "నా ఒళ్లో కన్నా ఈ ప్లాస్టిక్ కుర్చీలో భద్రంగా ఉంటాడంట్రా?" అంది. అమ్మ ఒడి ఓడిపోయే చోటు ఒకటుందని చెప్పడం నా వల్ల కాలేదు. క్వింటాలున్నర లెక్క చెప్పాను. కాసేపు ఊరుకుని, బెల్టు ఎలా పెట్టాలో చూపించమంది.

ఇంకో లెక్క, ఆఖరిది. ఇందాకటి చిన్న కార్లు రెండూ తీసుకోండి. చెరో 50 వేగం, చెరో 50 మార్పు. ఎదుటివాడు 50లోనే వస్తున్నాడు, నేను మాత్రం 30కి తగ్గించాను అనుకుందాం. ఇప్పుడు ఇద్దరికీ మార్పు 40. అంటే వేగం 20 తగ్గించుకుంటే, ఆరు వందల కిలోల ఇనుము నాకిచ్చిన లాభం దాదాపు మొత్తం నాకు దక్కింది. పైగా ఎదుటివాడి దగ్గర లాక్కోకుండా, అతనికీ అంతే ఇచ్చి. బరువు నాకిచ్చేది అతని దగ్గర తీసుకుని ఇస్తుంది. వేగం తగ్గిస్తే ఇద్దరికీ పుట్టుకొస్తుంది. దీనికి ఆన్‌రోడ్ ధర లేదు. కోదాడకి ఇంకో ముప్పావుగంట ఆలస్యంగా చేరతాం, అంతే.

ఎవరి అవసరాలు వాళ్లవి, అది నేను కాదనను. ఆరుగురున్న ఇల్లు, వీల్‌చెయిర్ పట్టాల్సిన ఇల్లు, వానాకాలం రోడ్డు కనపడని ఊళ్లు, వీళ్లకి పెద్ద బండి నిజంగానే కావాలి. చైల్డ్ సీట్లు బిగించి, మెల్లగా నడుపుతూ, అన్నీ చేసి కూడా పెద్దదే కొనేవాళ్లతో నాకు పెద్ద తగాదా లేదు. ఇదంతా మనిషి మనిషి మీదా వేసి చేతులు దులుపుకునే విషయం కూడా కాదు. 2006 నుంచి నాలుగు మీటర్లలోపు కార్లకి పన్ను రాయితీ ఉంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మారినప్పుడూ చిన్న ఇంజను ఉండి ఆ కొలత దాటనివి 18 శాతంలో, పెద్దవి 40 శాతంలో పడ్డాయి. ప్రభుత్వం పొడవు కొలుస్తుంది, ఇంజను కొలుస్తుంది. బానెట్ ఎత్తు, అంటే రోడ్డు మీద పిల్లకి ఎక్కడ తగులుతుందో, అది పన్ను లెక్కలోకి రాదు. యూరప్ ఎన్‌క్యాప్‌లో బయటివాళ్ల రక్షణకి కూడా మార్కులున్నాయి. మన రేటింగులో అది మూడు స్టార్లు, ఆపైన రావడానికి ఒక అర్హతగా ఉందే తప్ప, షోరూములో గోడ మీద వేలాడే ఆ స్టార్లు లెక్కపెట్టేది లోపలివాళ్లనే.

అన్నిటికంటే నన్ను కదిలించినది మాత్రం ఇంకా పక్షపాతపు ఆలోచనే, గాడ్విన్‌కి నచ్చనిది. నా కూతురు కారులో ఉండేది రోజుకి ఒక గంట. మిగతా అంతా తను బయటే. స్కూల్ బస్ కోసం గేటు దగ్గర నిలబడేటప్పుడు, సెల్లార్‌లో వాచ్‌మన్ వాళ్ల పాపతో కలిసి సైకిల్ తొక్కేటప్పుడు, రేపు పదేళ్లొచ్చాక ఒక్కతే రోడ్డు దాటి పెన్సిల్ కొనుక్కోవడానికి వెళ్లేటప్పుడు, ఇంకో పదేళ్లకి స్కూటీ అడిగేటప్పుడు. ఆ గంట కోసం నేను కొనే ఎత్తుని, ఆ గంట కోసం పక్కవాడూ కొంటాడు. అతని బానెట్ అంచు నా కూతురి గడ్డానికి తగిలే ఎత్తులోనే ఉంటుంది. "నా పిల్లలు" అన్న మాటనే గట్టిగా పట్టుకుని ఆలోచించినా, ఆ పిల్లలు లోపల ఎంతసేపు, బయట ఎంతసేపు అని అడగక తప్పదు.

మేం చివరికి బుక్ చేసింది పన్నెండు వందల కిలోలు దాటని ఒక సెడాన్. స్టార్లు ఐదున్నాయి. బానెట్ మా అమ్మాయి ఛాతీ కిందకే వస్తుంది. రెండు చైల్డ్ సీట్లు కొన్నాం, వాటి ధర దాదాపు సన్‌రూఫ్ వేరియంట్‌కి అడిగిన తేడా అంత. మా అమ్మ ఆ రెండు సీట్ల మధ్య కొంచెం ఇరుగ్గానే కూర్చుంటుంది. మా ఆవిడ ఒప్పుకుంది గానీ, తన ప్రశ్నని వెనక్కి తీసుకోలేదు. రాత్రిపూట హైవే మీద ఎత్తైన లైట్లు ఎదురొచ్చినప్పుడల్లా నా వైపు ఓసారి చూస్తుంది. నేను వేగం తగ్గిస్తాను.